అద్దె సైకిలు మీద వచ్చిన ఆటగాడు

ఆదోనిలో మా ఇంటి వెనక ఒక ఖాళీ స్థలం ఉంది. సాయంకాలం అయిదు కాగానే పిల్లలు అక్కడ చేరతారు. నాలుగు చెప్పులు విప్పి, ఇటు రెండు, అటు రెండు పెడితే గోలు స్తంభాలు తయారు! కోటకొండ మీద ఎండ ఎర్రబడి, బంతి కనబడనంత చీకటి పడేదాకా ఆడుతూనే ఉంటారు. నేను హెడ్మాస్టరు పనినుంచి విరమించి కొన్నేళ్ళయింది. అయినా పిల్లలు ఆడుతూ ఉంటే చూడకుండా ఉండలేను. అరుగు మీద కుర్చీ వేసుకుని కూచుంటాను.

ఒకనాడు ఆట ముగిసి పిల్లలు మంచినీళ్ళ కోసం మా అరుగు ఎక్కారు. ఒక కుర్రవాడి చొక్కా వీపు మీద ఏదో పేరు అచ్చు వేసి ఉంది. "అదెవరి పేరు నాయనా?" అని అడిగాను.

"ఇనియెస్తా, సార్! స్పెయిన్ దేశం ఆయన. 2010లో ప్రపంచ కప్పు ఫైనల్లో గోలు కొట్టినాడు," అన్నాడు వాడు ఉత్సాహంగా.

"బాగుంది. మరి మన వాళ్ళలో అట్లాంటి ఆటగాడు ఎవరో చెప్పు చూద్దాం."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. అందరిలోకీ పెద్దవాడు, "మనోళ్ళకు క్రికెట్టే సార్. ఫుట్‌బాల్ మనకు యాడొస్తుంది?" అన్నాడు.

"రాదని ఎవరు చెప్పినారప్పా?" అన్నాను నేను. ఆ సాయంకాలం వాళ్ళకు చెప్పిన కథే ఇది. కథ అన్నాను కాని, ఇందులో కల్పన లేదు. ఇది తులసీదాస్ బలరామ్ అనే మన హైదరాబాదు ఆటగాడి జీవితం.

పాత పోలీసు బూట్లు

సికిందరాబాదు పక్కన అమ్ముగూడ అనే ఊరు ఉంది. బలరామ్ 1936లో అక్కడ ఒక బీద కుటుంబంలో పుట్టాడు. దగ్గరలోనే పట్టాలాలు ఉండే కంటోన్మెంటు. సిపాయిలు సాయంకాలాలు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. చుట్టుపక్కల పిల్లలకు ఆ ఆట అట్లా అంటుకుంది. బలరామ్ అందరితోపాటు వట్టి కాళ్ళతో ఆడుతూ పెరిగాడు.

ఆ రోజుల్లో వట్టి కాళ్ళతో ఆడటం వింత కాదు. 1948లో లండను ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన మన దేశపు జట్టులోనే చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడినా, చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. కాని 1952లో హెల్సింకీలో ఆ ముచ్చట తీరిపోయింది. అక్కడి చలిలో, బూట్లు వేసుకున్న యుగోస్లావియా ఆటగాళ్ళ ముందు మనవాళ్ళు నిలవలేక 10-1తో ఓడిపోయారు. దాంతో ఇక మీదట పెద్ద పోటీల్లో బూట్లు వేసుకుని తీరాలన్న నియమం మన దేశంలో వచ్చింది.

నియమం రావడం సులభమే. బీదపిల్లవాడికి బూట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? బలరామ్ ఒక ఉపాయం చేశాడు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పోయి, వాటిని ఫుట్‌బాల్ బూట్లుగా మార్చి కుట్టించుకున్నాడు. అందుకు అయిన ఖర్చు రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలు కూడా ఆ ఇంట్లో చిన్న మొత్తం కాదు. ఈ సంగతి ఆయన పెద్దయిన తరవాత కూడా మరిచిపోకుండా చెబుతుండేవారు.

ఒక బడిపంతులు

ఇప్పుడు కథలోకి ఇంకొక మనిషి వస్తారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయనది నాబోటి వృత్తే, అంటే బడిపంతులు! 1909లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివి, కాచిగూడ మిడిల్ స్కూలులోను, మరి కొన్ని బడులలోను పాఠాలు చెప్పారు. అంచేత జీవితాంతం ఆయనను అందరూ "రహీమ్ సాబ్" అని గౌరవంగా పిలిచేవాళ్ళు.

రహీమ్ సాబ్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే మన దేశపు జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరానును 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది.

ఆయన పద్ధతి చాలా సులభంగా కనబడుతుంది. "బంతిని నీ దగ్గర అట్టే పెట్టుకోకు, తాకగానే జతగాడికి అందించు" అన్నదే దాని సారం. పిల్లలు బంతిని కాలికి అంటించుకుని, ఒక్కొక్కణ్ణీ తప్పించుకుంటూ, తమ విద్య చూపించుకోవాలని చూస్తారు. రహీమ్ సాబ్ అట్లా చేయడానికి వీలులేని పోటీలు పెట్టేవారు. ఎడమ కాలు బలహీనమైన వాళ్ళు ఎడమ కాలితోనే, కుడి కాలు బలహీనమైన వాళ్ళు కుడి కాలితోనే ఆడవలసిన పోటీలు కూడా పెట్టేవారు. మంచి పంతులు పిల్లవాడికి వచ్చిన లెక్కనే మళ్ళీ మళ్ళీ చేయించడు. రానిదాన్ని పట్టుకుని చేయిస్తాడు.

ఆయన చెప్పినదానిలో ఎంత నిజం ఉందో మీరే పరీక్షించి చూడవచ్చు. ముప్ఫై అడుగుల దూరంలో ఒక గీత గీయండి. మీలో అందరికంటె వేగంగా పరుగెత్తేవాణ్ణి బంతిని కాలితో తోసుకుంటూ గీత దాటమనండి. అదే సమయంలో పక్కన ముగ్గురు వరసగా పది పది అడుగుల ఎడంలో నిలబడి, బంతిని ఒకరి నుంచి ఒకరు అందుకుని గీత దాటించండి. ఎవరి బంతి ముందు చేరుతుంది? ఎంత వేగం గలవాడైనా తన బరువు తాను మోసుకుని పోవాలి. బంతికి ఆ బాధ లేదు. అంచేత మనిషి కంటె బంతి ఎప్పుడూ వేగంగానే పోతుంది.

రోజుకు ఒక రూపాయి

బలరామ్ అప్పటికి రైడర్స్ క్లబ్బు అనే హైదరాబాదు జట్టులో ఆడుతున్నాడు. లీగు ఆటల్లో రహీమ్ సాబ్ అతని ఆట చూశారు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ కుర్రవాడు రెండు కాళ్ళతోనూ సమానంగా కొడుతున్నాడు. తల ఎత్తి, జతగాళ్ళు ఎక్కడ ఉన్నారో చూసి మరీ బంతి అందిస్తున్నాడు. రహీమ్ సాబ్ అతణ్ణి పిలిచి, హైదరాబాదు రాష్ట్రపు జట్టుకు శిక్షణ జరుగుతోంది, రమ్మన్నారు.

వేరే కుర్రవాడయితే ఎగిరి గంతేసేవాడు. బలరామ్ మాత్రం రాలేనన్నాడు. అమ్ముగూడ నుంచి నగరంలోని మైదానానికి పోవాలంటే సుమారు పది మైళ్ళు. రోజూ పోయి రావడానికి చేతిలో డబ్బు లేదు. ఆ మాట దాచుకోకుండా చెప్పాడు.

ఈ చోట కథ ముగిసిపోవలసిందే. ఎంతోమంది పిల్లల కథలు ఇక్కడే ముగిసిపోతాయి. కాని రహీమ్ సాబ్ కొంచెం ఆలోచించి, సైకిలు అద్దెకు తీసుకోమని చెప్పి, అందుకు రోజుకు ఒక రూపాయి చొప్పున తానే ఇచ్చారు. ఆనాడు ఆయనేమీ ధనవంతుడు కాదు.

బలరామ్ ప్రతిరోజూ ఆ అద్దె సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ఆడి, మళ్ళీ తొక్కుకుంటూ ఇంటికి పోయేవాడు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ పోటీల్లో హైదరాబాదు జట్టు 1956-57లోను, 1957-58లోను వరసగా గెలిచింది. ఆ జట్టులో బలరామ్ ఉన్నాడు.

మధ్యలో ఆడేవాడి పని

ఫుట్‌బాల్‌లో గోలు కొట్టినవాడి పేరే అందరికీ గుర్తుంటుంది. కాని బంతి వాడి దగ్గరికి ఎట్లా వచ్చింది? ఎవరో ఒకరు వెనక్కు పోయి, రక్షకుల దగ్గర బంతి అందుకుని, మైదానం నడిమిభాగం దాటించి, సరైన క్షణంలో సరైన చోటికి పంపాలి. ఈ పని చేసేవాళ్ళనే ఇప్పుడు మిడ్‌ఫీల్డర్లు అంటున్నారు. ఇనియెస్తా అట్లాంటివాడే.

పూర్వకాలపు ఆటలో ముందు వరసలో అయిదుగురు ఉండేవాళ్ళు. ఇరుపక్కల అంచుల్లో ఇద్దరు, నడుమ ఒకడు, వాళ్ళ మధ్య ఇంకో ఇద్దరు. ఈ చివరి ఇద్దరిని ఇన్‌సైడ్ ఆటగాళ్ళు అనేవాళ్ళు. వీళ్ళకు రెండు ఉద్యోగాలు. వెనక్కు వచ్చి బంతి తీసుకుపోవాలి, వీలు చిక్కితే గోలూ కొట్టాలి. బలరామ్ ఎడమవైపు ఇన్‌సైడ్ ఆటగాడు. అవసరమైతే ఎడమ అంచునా ఆడేవాడు. గోల్స్ కొట్టడం ఎంత బాగా వచ్చునో, ఇతరుల చేత కొట్టించడం కూడా అంత బాగా వచ్చు. మగ్గం మీద నాడె అటూ ఇటూ పోతేనే కదా పడుగూ పేకా కలిసి గుడ్డ అయ్యేది! ఎమ్మిగనూరు పిల్లలకు ఇది నేను చెప్పనక్కరలేదు.

మెల్‌బోర్న్

1956వ సంవత్సరం మన తెలుగువాళ్ళకు మరపురానిది. 1953 దాకా మన ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ ఏడు అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనం ఇటు వచ్చాము. 1956 నవంబరు 1న తెలంగాణమూ, ఆంధ్రమూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. ఆ నెలలోనే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యాయి. మన దేశపు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకులు రహీమ్ సాబ్. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్ మొదలైన హైదరాబాదు ఆటగాళ్ళు ఉన్నారు. పాత పోలీసు బూట్లతో మొదలుపెట్టిన బలరామ్ కూడా ఉన్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు.

మనవాళ్ళు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. తరవాత సెమీఫైనల్లో ఎదురైనది ఎవరనుకున్నారు? నాలుగేళ్ళ కిందట మనల్ని 10-1తో ఓడించిన యుగోస్లావియాయే! బలరామ్ దేశం తరఫున ఆడిన మొదటి ఆట అదే. మొదటి గోలు మనదే! చివరకు 4-1తో ఓడిపోయిన మాట నిజమే. కాని పది గోల్స్ తిన్నచోట నాలుగే తిన్నారు. మూడో స్థానానికి జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశమేదీ అంతకు ముందు అంతదూరం పోలేదు.

కలకత్తా, రోము

1957లో బలరామ్ కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. అక్కడ ఫుట్‌బాల్ అంటే వేలాది జనం తెల్లవారుజాము నుంచే వరసలో నిలబడతారు. కొత్త ఊరు, కొత్త భాష. అయినా బలరామ్ అక్కడివాళ్ళకు కన్నబిడ్డ అయిపోయాడు. ఆ క్లబ్బు తరఫున వందకు పైగా గోల్స్ కొట్టాడు. 1961లో నాయకుడై జట్టుకు కలకత్తా లీగు గెలిపించాడు. 1962 రోవర్స్ కప్పు ఫైనల్లో ఒక చిత్రం జరిగింది. బలరామ్ జట్టయిన ఈస్ట్ బెంగాల్‌కు ఎదురు నిలిచింది మన ఆంధ్రా పోలీసు జట్టే! ఎవరికీ గెలుపు దక్కక కప్పును ఇద్దరూ పంచుకున్నారు.

1960లో రోము ఒలింపిక్ క్రీడలు. మనకు హంగేరీ, ఫ్రాన్సు, పెరూ దేశాలతో పోటీ పడింది. హంగేరీ అంటే ఆనాటి ప్రపంచంలో పెద్ద జట్టు. మన జట్టు భయపడలేదు. బలరామ్ ఒక గోలు కొట్టాడు. ఆట 2-1తో హంగేరీ గెలిచింది కాని, చివరిదాకా వాళ్ళకు చెమట పట్టించారు. ఫ్రాన్సు మీద మన నాయకుడు పి.కె. బెనర్జీ గోలు కొట్టి ముందుకు తీసుకుపోయాడు. ఆట ముగియవచ్చే వేళకు ఫ్రాన్సు సమం చేసింది. పెరూ మీద 3-1తో ఓడినప్పుడు మన ఒక్క గోలూ బలరామ్‌దే. ఆ తరవాత మన దేశపు జట్టు ఒలింపిక్ ఫుట్‌బాల్‌కు మళ్ళీ పోలేకపోయింది. అంటే ఒలింపిక్స్‌లో మన దేశం కొట్టిన ఆఖరు గోలు మన బలరామ్ కొట్టినదే.

జకార్తాలో లక్షమంది

1962లో ఇండొనీషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వలేదు. అది న్యాయం కాదని మన దేశపు క్రీడాప్రముఖుడు జి.డి. సోంధీ గారు అన్నారు. దానితో అక్కడి ప్రజలకు మన మీద ఆగ్రహం వచ్చింది. మన ఆటగాళ్ళు మైదానంలోకి వస్తే గేలి చేసేవాళ్ళు.

మొదటి ఆటలోనే మనవాళ్ళు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తరవాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో ఓడించారు. ఈ రెండు ఆటల్లోనూ బలరామ్ గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా!

మన జట్టు స్థితి ఎట్లా ఉందో చూడండి. రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అన్నిటినీ మించి రహీమ్ సాబ్ అప్పటికే ఊపిరితిత్తుల కాన్సరుతో బాధపడుతున్నారు. మైదానం చుట్టూ లక్షమంది జనం, అందరూ మనకు వ్యతిరేకులే. ఆ జనంలో మనవాళ్ళను ప్రోత్సహించింది ఎవరో తెలుసా? పాకిస్తాను హాకీ ఆటగాళ్ళు! ఆటకు ఉన్న గొప్పతనం ఇట్లాంటి చోట తెలుస్తుంది.

రహీమ్ సాబ్ ఒక సాహసం చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగును వెనక నుంచి తీసి ముందు వరసలో పెట్టారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. మూడు నిమిషాలకు జర్నైల్ రెండో గోలు కొట్టాడు. కొరియా ఒకటే తిరిగి ఇవ్వగలిగింది. 2-1తో బంగారు పతకం మనది. పి.కె. బెనర్జీ, నాయకుడు చుని గోస్వామి, బలరామ్ — ముగ్గురూ జంటపక్షుల్లా కాదు, మూడు కాళ్ళ పీటలా ఆ జట్టును నిలబెట్టారని అందరూ చెప్పుకున్నారు. ఆ ఏడాదికి బలరామ్‌కు అర్జున పురస్కారం లభించింది.

ఆసియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్‌లో బంగారు పతకాలు రెండే. 1951లో ఒకటి, 1962లో ఒకటి. రెంటికీ శిక్షకుడు ఆ బడిపంతులే. జకార్తా గెలుపు తరవాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు. ఆయన జీవితం మీద 2024లో "మైదాన్" అనే హిందీ చిత్రం వచ్చింది.

ఊపిరి ఆడని ఆటగాడు

బలరామ్ 1963లో రైల్వే వారి బి.ఎన్.ఆర్. జట్టుకు మారాడు. వయస్సు ఇరవై ఆరు. ఆటగాడికి అది మంచి పదును మీద ఉండే వయస్సు. అప్పుడే అతనికి ప్లూరసీ అనే జబ్బు చేసింది.

అదేమిటో చెబుతాను. మన రొమ్ములో ఊపిరితిత్తుల చుట్టూ రెండు పలచని పొరలు ఉంటాయి. ఒకటి ఊపిరితిత్తిని అంటుకుని ఉంటుంది, ఇంకొకటి రొమ్ము గోడకు లోపలివైపున ఉంటుంది. ఈ రెంటి నడుమ రవ్వంత తడి ఉంటుంది. రెండు గాజు పలకల మధ్య ఒక నీటిబొట్టు వేసి చూడండి. ఒకదాని మీద ఒకటి ఎంత నున్నగా జారుతాయో! అట్లాగే ఊపిరి తీసినప్పుడల్లా ఆ పొరలు నొప్పి లేకుండా జారుతూ ఉంటాయి. ప్లూరసీ వస్తే ఆ పొరలు వాచి, ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. గట్టిగా ఊపిరి పీల్చుకుంటే చాలు, పొడిచినట్లు నొప్పి పుడుతుంది. ఒక్కొక్కప్పుడు నడుమ నీరు కూడా చేరుతుంది.

తొంభై నిమిషాలు మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తే ఆటగాడికి ఊపిరే ఆస్తి. ఆ ఆస్తి దెబ్బ తిన్నది. బలరామ్ ఆట మానుకోక తప్పలేదు. అతని జతగాళ్ళు ఇంకా కొన్నేళ్ళు ఆడారు. రహీమ్ సాబ్ పోయినదీ, బలరామ్ ఆట ఆగినదీ ఒకే ఏడాది. గురువును ఊపిరితిత్తుల జబ్బు తీసుకుపోయింది, శిష్యుడి ఆటనూ ఊపిరితిత్తుల జబ్బే తీసుకుపోయింది.

తరవాత ఆయన రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలకు ఆట నేర్పుతూ, కలకత్తాకు దగ్గరగా హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఉత్తరపారాలో స్థిరపడ్డారు. పెళ్ళి చేసుకోలేదు. బెనర్జీ గారికీ, గోస్వామి గారికీ పద్మశ్రీ వచ్చింది. బలరామ్ గారికి రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు. మనుషులన్నాక బాధ ఉంటుంది. పెద్ద ఆటగాడైనంత మాత్రాన ఉండకుండా పోదు. 2020లో నెలా పది రోజుల తేడాతో బెనర్జీ గారూ, గోస్వామి గారూ పోయారు. మూడో వారైన బలరామ్ గారు 2023 ఫిబ్రవరి 16న, ఎనభై ఆరేళ్ళ వయస్సులో కలకత్తాలో పరమపదించారు.

నేను ఇవ్వని బస్సు ఛార్జీ

పిల్లలకు ఇంతవరకే చెప్పి ఊరుకుందామనుకున్నాను. కాని నా చొక్కా జేబులో ఒక పాత బాకీ ఉంది. అది కూడా వాళ్ళ ముందు చెప్పాను. ఇక్కడ పెద్దలు కూడా వినాలి.

1990 ప్రాంతంలో నేను ఎమ్మిగనూరు వైపు ఒక బడిలో పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఒక మగ్గంవారి కుర్రవాడు ఉండేవాడు. తెల్లవారితే ఇంట్లో కండెలు చుట్టి, బడికి వచ్చి, సాయంకాలం బంతి ఆడేవాడు. వాడి కాలిలో ఏదో వరం ఉండేది. జిల్లా జట్టుకు పిల్లలను ఎంపిక చేస్తున్నారు, కర్నూలుకు రమ్మని వాడికి కబురు వచ్చింది. వాడు నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, "సార్, మా నాయన దగ్గర డబ్బులు లేవు. బస్సు ఛార్జీ ఇప్పిస్తే మళ్ళా ఇస్తాను," అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "పరీక్షలు దగ్గర పడినాయి. ఆట కూడు పెడుతుందా? పోయి చదువుకో," అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. వాడు మారు మాట్లాడలేదు. కర్నూలుకు పోలేదు. ఆ తరవాత బంతి దగ్గరికీ సరిగా రాలేదు. మరుసటి ఏడు బడి మాని మగ్గంలో కూచున్నాడు. అంటే, నేను కాదన్నందుకు ఆటా పోయింది, ఏ చదువు కోసం కాదన్నానో ఆ చదువూ పోయింది.

వాడు పెద్ద ఆటగాడు అయి ఉండేవాడని నేను అనను. అది ఎవరూ చెప్పలేరు. రహీమ్ సాబ్‌కు మాత్రం బలరామ్ రోములో గోలు కొడతాడని ముందే తెలుసా? తెలియకుండానే రూపాయి ఇచ్చారు. ఆయనా పంతులే, నేనూ పంతులునే. ఆ బస్సు ఛార్జీ నేను వారానికి టీలకు పెట్టే ఖర్చు కంటె తక్కువ.

చాలా ఏళ్ళ తరవాత ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో అతను కనబడ్డాడు. భుజం మీద చిన్న కొడుకు, వాడి చేతిలో జాతరలో కొన్న రబ్బరు బంతి. "బాగున్నారా సార్?" అని నమస్కారం పెట్టాడు. ఆ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తవలసింది నేను.

పిల్లలు అడిగిన ప్రశ్న

ఇది విని పిల్లలు కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత ఇనియెస్తా చొక్కా కుర్రవాడు, "సార్, మరి స్పెయిన్‌లో పిల్లలకు సైకిలు అద్దె ఎవరిస్తారు?" అని అడిగాడు.

మంచి ప్రశ్న! ఇనియెస్తా కూడా పల్లెటూరివాడే. ఫుయెంతెఅల్బియా అనే చిన్న ఊరు. పన్నెండేళ్ళ వయస్సులో ఇల్లు విడిచి బార్సిలోనా క్లబ్బు వారి శిక్షణాలయానికి వచ్చాడు. అప్పట్లో అది ఒక పాత రైతు ఇంట్లో ఉండేది. అక్కడ పిల్లలకు తిండి, పడక, చదువు, ఆట అన్నీ క్లబ్బువారే చూస్తారు. వాడు మొదట్లో ఇంటి మీద బెంగతో ఏడ్చేవాడట. ఆ పిల్లవాడే 2010లో ప్రపంచ కప్పు ఫైనల్లో, 116వ నిమిషంలో దేశానికి గెలుపు గోలు కొట్టి, 2024లో ఆట విరమించాడు. అక్కడ ఒక పెద్ద సంస్థ చేసే పనిని ఇక్కడ ఒక పంతులు తన జేబులోని రూపాయితో చేశాడు. సంస్థలు వస్తే మంచిదే. అవి వచ్చేదాకా పిల్లలు ఎదగడం ఆపరు కదా!

తల్లిదండ్రులకు నేను చెప్పే మాట ఒక్కటే. పిల్లవాణ్ణి ఆటకు పంపితే చదువు పోతుందని భయపడకండి. ఎంతసేపు ఆడాలో, ఎంతసేపు చదవాలో లెక్క పెట్టండి, తప్పులేదు. కాని వాడు నోరు తెరిచి ఒక అవసరం చెప్పినప్పుడు వెంటనే కాదనకండి. అడగడానికి వాడు ఎంత ధైర్యం కూడగట్టుకున్నాడో మనకు తెలియదు.

పిల్లలూ, మీకు కూడా ఒక మాట. బలరామ్ డబ్బు లేదన్న సంగతి దాచుకోలేదు. సిగ్గుపడి దాచుకుని ఉంటే రహీమ్ సాబ్‌కు తెలిసేది కాదు. అవసరం ఉంటే పెద్దలకు చెప్పండి. ఒకరు కాదంటే ఇంకొకరికి చెప్పండి.

ఆనాడు చీకటి పడిన తరవాత పిల్లలు ఇళ్ళకు పోయారు. వాళ్ళలో ఒకడు ఆదోనికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె నుంచి నడిచి వస్తాడని నాకు అప్పుడే తెలిసింది. మా ఇంట్లో నా పాత సైకిలు గోడకు ఆనించి ఉంది. టైర్లలో గాలి లేదు, చెయిను తుప్పు పట్టింది. మరునాడు దాన్ని బాగు చేయించాను. ఇప్పుడు వాడు దాని మీదే వస్తున్నాడు. కాళ్ళు పూర్తిగా అందవు. అయినా బాగానే తొక్కుతాడు. ఎడమ కాలితో బంతి కొట్టడం మాత్రం వాడికి ఇంకా సరిగా రాదు. ఈ నెలంతా ఎడమ కాలితోనే ఆడమన్నాను.